మా అత్తగారికి చెప్పని పేరు

మా అత్తగారికి హార్ట్ ఫెయిలయిందని నాకు మొదట చెప్పింది మా మరిది. ముందురోజు రాత్రి ఆయాసం వస్తే అన్నదమ్ములిద్దరూ ఆవిణ్ణి తీసుకెళ్లిన గుంటూరు ఆస్పత్రి నుంచి పొద్దున్నే ఫోన్ చేశాడు. కార్తీక మాసం. తులసి కోట దగ్గర దీపం పెట్టి వచ్చి అప్పుడే పొయ్యి మీద పాలు పెట్టాను.

"వదినా, అమ్మకి హార్ట్ ఫెయిల్యూర్ అంట," అన్నాడు.

నేను పాలగిన్నె దించేశాను. పొయ్యి ఆర్పేశాను. చావు కబురు తెలిశాక ఇంట్లో పొయ్యి వెలగకూడదని మా అమ్మ నేర్పిన పద్ధతి. "ఎన్నింటికి బయల్దేరుతున్నారు?" అని అడిగాను.

"ఇప్పుడేం బయల్దేరతాం? నాలుగైదు రోజులు ఉంచాలన్నారు."

"అన్ని రోజులు ఉంచుకుని వాళ్లేం చేసుకుంటారు నాయనా?"

"మందులు ఎక్కించాలి గదా వదినా."

"ఇంకా మందులేంటి?"

మా మరిది నెమ్మదిగా, "వదినా, అమ్మ ఇడ్లీ తింటోంది. చట్నీ బాలేదని క్యాంటీన్ వాళ్లని తిడుతోంది. మాట్లాడతావా?" అన్నాడు.

పొయ్యి మళ్లీ వెలిగించాను. తూర్పు వాకిట్లోకి వెళ్లి సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకున్నాను. అలాంటి కబురు విని ఆర్పేసిన పొయ్యిని పాలు చల్లారకముందే మళ్లీ వెలిగించుకునే భాగ్యం అందరికీ దొరకదు. పాలు కాగాయి. కాఫీ కలుపుకుని తాగాను.

నేను ఆవిడ పోయిందనుకోవడానికి కారణం ఉంది. మా నాన్నగారు నన్ను బడికి పంపలేదు, ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. తెలుగు ఎంత కష్టమైనది ఇచ్చినా చదువుతాను. ఇంగ్లీషు మాటలు మాత్రం మా ఊరు ఎలా వాడితే అలాగే నాకు తెలుసు. మా ఊళ్లో హార్ట్ ఫెయిలయిందంటే మనిషి పోయాడని. పేపర్లో కూడా పోయినవాళ్ల ఫొటో కిందే ఆ మాట చూశాను. బతికున్నవాళ్లకు వాడగా ఎప్పుడూ వినలేదు.

మా ఇంట్లో ఆ మాట అంతకుముందు ఒక్కసారే వినపడింది. మా మామగారు కళ్లంలో ఎండుమిరపకాయలు తిరగేయిస్తూ ఉన్నట్టుండి కూలబడ్డారు. మా అత్తగారు క్యారియర్ తీసుకుని వెళ్లేసరికి కూలీలంతా చుట్టూ మూగి ఉన్నారు. ఊళ్లో వైద్యం చేసే ఆర్ఎంపీ వచ్చి చెయ్యి పట్టుకు చూసి, "హార్ట్ ఫెయిలయిందండీ," అని లేచి నిలబడ్డాడు. అంతే. మా అత్తగారు ఆ క్యారియర్ కింద పెట్టకుండానే ఇంటిదాకా నడిచి వచ్చింది. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ పలకలేదు. టీవీలో వస్తే కూడా మావారు చానల్ మార్చేవారు.

అందుకని ఇప్పుడు సమస్య వచ్చింది. జబ్బు మా అత్తగారిది. పేరు ఆవిడ ముందు పలకడానికి వీల్లేనిది.

మర్నాడు బట్టలూ ఫ్లాస్కూ తీసుకుని నేనూ గుంటూరు వెళ్లాను. ఆస్పత్రి బ్రాడీపేటలో ఓ అడ్డరోడ్డులో ఉంది. వార్డు కిటికీలోంచి చూస్తే ఎదురుగా కోచింగ్ సెంటరు గోడంతా ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు. అందరూ నవ్వుతున్నారు. ఇవతల మేము ఫెయిలనే మాట ఎవరి చెవినా పడకుండా గుసగుసలాడుకుంటున్నాం.

ఆ వార్డులో కూర్చున్న రోజుల్లో నేను గమనించింది ఒకటుంది. అటాక్ వచ్చినవాళ్లకు అక్కడ మర్యాద ఎక్కువ. వాళ్ల మనుషులు కూడా ఆ మాట గట్టిగానే చెప్పుకుంటారు. "మా బాబాయికి రెండు అటాకులు, రెండూ తట్టుకున్నాడు," అని ఒకాయన కాఫీ తాగుతూ చెప్పాడు. ఏదో బయటి నుంచి వచ్చి మీద పడినట్టు, ఈయన దాన్ని కొట్టి పంపించినట్టు. బ్లాకులున్నవాళ్లు ఎన్ని బ్లాకులో లెక్క చెప్పుకుంటారు, ఎక్కువున్నవాడి వైపు అందరూ తిరిగి చూస్తారు. ఫెయిల్యూర్ అని చెప్పుకున్నవాళ్లు ఒక్కరూ కనపడలేదు. ఆ మాటలో తప్పంతా రోగిదే అన్నట్టు ఉంటుంది, చదవక పరీక్ష పోగొట్టుకున్నట్టు. "మీ అత్తగారికేంటమ్మా?" అని ఎవరన్నా అడిగితే నేను, "కాళ్లకి నీరు," అనేదాన్ని. "ఓహో, నీరేనా," అని వెళ్లిపోయేవాళ్లు.

డాక్టరమ్మ మావారినీ మరిదినీ గదిలోకి పిలిచి విడిగా చెప్పింది. గుండె పంపింగ్ బాగా తగ్గిందనీ, మందులు మానకూడదనీ, ఉప్పు మాత్రం ఇంక జన్మలో ముట్టకూడదన్నంతగా తగ్గించాలనీ. మా ఆడపడుచు అద్దంకి నుంచి వచ్చింది. మంచినీళ్ల ఫిల్టరు పక్కన నలుగురం నిలబడ్డాం.

"అమ్మకి ఆ పేరు చెప్పామా, ఆ పేరుకే పోద్ది," అన్నారు మావారు.

"చెప్పకుండా ఉప్పెట్టా మాన్పిస్తావన్నా?" అన్నాడు మరిది. అతను మార్టూరులో గ్రానైటు పాలిష్ చేసేచోట పని చూస్తాడు. "రాయినన్నా ఒప్పించొచ్చు. అమ్మనొప్పించలేం."

"గ్యాసని చెబుదాం."

"గ్యాసుకి ఉప్పు మానడమేందన్నయ్యా?" అంది ఆడపడుచు. "ఊళ్లో అందరికీ గ్యాసుకి వాము నీళ్లిచ్చేదే ఆమె. ఆమెకి తెలీదా?"

మావారు ఫిల్టరు నీళ్లు తాగారు. దాహం లేకపోయినా తాగారు.

"మొక్కని చెబుదాం," అంది ఆడపడుచు. "సూర్యుడికి ఆదివారం ఉప్పు మానతారుగా. అట్టా రోజూ మానాలని మొక్కుకున్నట్టు. వదిన మొక్కుకుందంటే అమ్మ నమ్ముద్ది. మనతో పేచీ పెట్టుద్ది గానీ దేవుడితో పెట్టుకోదు."

ముగ్గురూ నా వైపు చూశారు.

"మొక్కుకోకుండా మొక్కుకున్నానని నేను చెప్పను," అన్నాను.

"అయితే నిజంగానే మొక్కుకో. ఎవరొద్దన్నారు?"

అది న్యాయంగానే ఉంది. కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చాను. మెట్ల దగ్గర కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆ ఎండలో నిలబడి, మా అత్తగారి గుండె నిలబెట్టు తండ్రీ, ఆవిడా నేనూ ఉప్పు మానేస్తాం అని మొక్కుకున్నాను. మందుల ట్రే పట్టుకుని పైకెక్కుతున్న నర్సు నాకోసం పక్కకి తప్పుకుని వెళ్లింది. ఆ పిల్లకి మంచి జరగాలి.

లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చుని అత్తగారికి చెప్పాను. ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. మాది ఒకరినొకరు మెచ్చుకునే ఇల్లు కాదు. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ నా వంట గురించి ఆవిడ అన్న మంచి మాట, "ఇవాళ పర్లేదు" అన్నదే.

"నా కోసం మొక్కుకున్నావా?"

"అవునత్తయ్యా."

"నువ్వూ మానేస్తావా?"

"నేనూ మానేస్తాను."

"సరేలే," అంది. కొంచెం ఆగి, "సూర్యుడి మొక్కంటే రథసప్తమికి తీర్చుకోవాలి. అప్పటిదాకానే గదా?" అంది.

ఇది మేం ఎవరం అనుకోలేదు. ఫిల్టరు దగ్గర నలుగురం అంతసేపు మాట్లాడుకున్నాం గానీ మొక్కన్నాక దానికి గడువుంటుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నేను నోరు తెరిచేలోపు మంచం అవతల నుంచి మావారు, "అంతేనమ్మా, అంతే. రథసప్తమి దాకానే," అనేశారు.

మా అత్తగారు కళ్లు మూసుకుంది. మాఘమాసం ఎంత దూరముందో చూసుకుంటోందని నాకు తెలుసు.

ఇంటికొచ్చాక నేను చప్పిడి వంట మొదలుపెట్టాను. పప్పులో నిమ్మకాయ పిండేదాన్ని, కూరలో కొబ్బరి వేసేదాన్ని, మజ్జిగలో అల్లం దంచి కలిపేదాన్ని. మావారికి విడిగా ఉప్పు గిన్నె పెట్టాను. అయినా ఆయనకు ఉన్నట్టుండి అద్దంకిలో పనులు ఎక్కువయ్యాయి. పురుగుమందనీ, ట్రాక్టరు పార్టనీ చెప్పి వెళ్లేవారు. వచ్చేటప్పుడు చొక్కాకి పెసరట్టు వాసన వచ్చేది. మొక్కు నాదీ అత్తగారిదీ గనక నేనేం అనలేదు.

ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లం.

"ఏందే ఇది? గోడకి కొట్టిన సున్నం నాకినట్టుంది."

"మొక్కత్తయ్యా."

"అందుకే గదా మింగుతున్నా."

నిజం చెప్పాలంటే అవి మా ఇద్దరికీ మంచి రోజులు. ఆవిడ వసారాలో కూర్చుని దారిన పోయే ప్రతివాళ్లనీ పిలిచేది. "నా కోడలు నా కోసం ఉప్పు మానేసిందే. మీ కోడళ్లు ఎవత్తన్నా మానిందా?" అని అడిగేది. వాళ్లు లేదని ఒప్పుకుని వెళ్లేవాళ్లు. వాళ్ల కోడళ్లు నాతో కొన్నాళ్లు సరిగ్గా మాట్లాడలేదు. అత్తగారి కాళ్ల వాపు తీసింది. రాత్రిళ్లు దిండుకి ఆనుకుని కూర్చోకుండా పడుకుని నిద్రపోయింది. పత్తి తీతలప్పుడు చేలో గట్టుదాకా నడిచి వెళ్లి కూలీలను కేకలేసి వచ్చింది. ఆ కేకలు వినపడినప్పుడు నేను వంటింట్లోంచే చేతులు జోడించాను.

డాక్టరమ్మ రమ్మన్న రోజున మావారు వెళ్లి మందులు తెచ్చేవారు. మనిషిని తీసుకురాకుండా మందులేంటని ఆవిడ కోప్పడిందట. తీసుకెళ్తే ఎక్కడ పేరు చెబుతుందోనని ఈయన భయం.

రథసప్తమి దగ్గర పడుతోంది. చేలో మిరప పండింది. మా వైపు పండుమిరపకాయ పచ్చడి పెట్టే రోజులు కూడా సరిగ్గా అవే. ఉప్పూ చింతపండూ వేసి రోట్లో దంచి జాడీకెత్తుతారు. ఆ వారం రోజులు ఏ వీధిలో నడిచినా అదే వాసన. అత్తగారు బుట్ట తెప్పించుకుని తొడిమ తాజాగా ఉన్న కాయలు తనే ఏరింది.

"చెప్పేద్దామండీ," అన్నాను మావారితో. "మొక్కు తీరాక ఆవిణ్ణి ఆపడం నా తరం కాదు."

"పండగ పోనియ్," అన్నారు.

"పండగ పోతేనే గదా భయం."

"నువ్వే ఏదోటి చెప్పు. నీ మాట వింటోందిగా ఇప్పుడు."

నా మాట వినడం రథసప్తమి వరకేనని ఆయనకూ తెలుసు.

పండగనాడు జిల్లేడాకులు తలమీద పెట్టుకుని స్నానాలు చేశాం. పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండి చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టాం. అత్తగారు తూర్పుకు తిరిగి, "ఇచ్చిన మాట నిలబెట్టుకున్నా తండ్రీ, నువ్వూ నిలబెట్టుకున్నావు," అంది. నేను పక్కనే నిలబడి, నీకు సంగతంతా తెలుసు గదా తండ్రీ, నువ్వే ఏదో ఒకటి చెయ్యి అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం వీధిలోవాళ్లను భోజనానికి పిలిచింది. ఇన్నాళ్లూ చప్పిడి తిన్న మనిషికి మొదట మన ఇంటి పచ్చడే పడాలని ఒక్కొక్కరూ గిన్నెతో వచ్చారు. ఉత్త పండుమిరప, గోంగూరతో కలిపింది, వెల్లుల్లి ఎక్కువ వేసింది. అత్తగారు ఒక్కొక్కటీ అన్నంలో కలుపుకుని ఎవరిది ఎలా ఉందో చెప్పింది. పెళ్లిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా ఎవర్నీ చూసి ఉండదు. మర్నాడే నేను మా జాడీ అటక మీద పెట్టేశాను. ఎదురింటివాళ్లు గిన్నె పంపారు. ఆ గిన్నె నేను కడిగి పంపిస్తే అందులో మళ్లీ పచ్చడి పెట్టి పంపారు. మంచివాళ్లు. వాళ్లకేం తెలుసు?

కొన్నాళ్లకు అత్తగారికి దగ్గు మొదలైంది. మిరపకాయలు కళ్లంలో ఎండే రోజులవి. ఊరంతా దగ్గుతుంది. ఆ కాలంలో దగ్గని మనిషి కనపడితే మావాళ్లు ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. అందుకని ఆవిడ దగ్గును ఎవరూ పట్టించుకోలేదు. "కాయ ఘాటుగా ఉందీసారి, మంచి రేటొస్తది," అన్నారు మావారు సంతోషంగా. మెట్టెక్కితే ఆయాసపడింది. ఘాటే అన్నారు. కాలికి చెప్పు పట్టలేదు. అప్పుడు నేను ఆవిడ పాదం మీద వేలితో నొక్కి చూశాను. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"ఘాటుకి పాదాలు వాస్తాయా అండీ?" అని అడిగాను మావారిని.

ఆయన కారు తీశారు.

ఈసారి ఆస్పత్రిలో ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. నీరు లాగేయడానికి సూదులు వేశారు. మర్నాటికి ఊపిరి కొంచెం సర్దుకుంది. డాక్టరమ్మ వార్డుకి వచ్చి మంచం దగ్గర ఆగి, "ఉప్పు తిన్నారా మామ్మగారూ?" అంది.

"తిన్నానమ్మా. మొక్కు తీరింది."

"ఏం మొక్కు?"

మావారు మంచం కమ్మీ పట్టుకున్నారు. మరిది కిటికీలోంచి ర్యాంకుల వైపు చూస్తున్నాడు. అత్తగారే పూసగుచ్చినట్టు మొత్తం చెప్పింది. చివర్లో, "నా కోడలు కూడా మానింది," అని నన్ను చూపించింది. డాక్టరమ్మ మా ముగ్గురి మొహాలూ చూసింది.

"మీకుంది హార్ట్ ఫెయిల్యూర్ మామ్మగారూ," అంది. "దానికి పండగ దాకా అని గడువుండదు."

మావారు కళ్లు మూసుకున్నారు. నేను మా అత్తగారి మొహమే చూస్తున్నాను. ఆ మాటకే పోతుందని గదా ఇన్నాళ్లూ దాచాం.

"ఎవరికి?" అంది ఆవిడ.

"మీకే."

"ఎప్పుడు?"

"మొదటిసారి వచ్చారే, అప్పటికే ఉంది."

"అప్పట్నుంచీ నేను బతికే ఉన్నా గదా?"

"ఉన్నారు."

అత్తగారు కొంచెం ఊపిరి తీసుకుంది. "మా ఆయనకీ అదే అన్నారమ్మా. కళ్లంలో. అన్నం తీసుకెళ్లేసరికి అయిపోయింది."

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. వెనక ఉన్న కుర్ర డాక్టర్లు కూడా ఆగారు. "ఆయనకి గుండె ఒక్కసారిగా ఆగిపోయి ఉంటుంది. ఊళ్లలో దానికీ ఫెయిలనే అంటారు. మేం దాన్ని అరెస్ట్ అంటాం."

"అరెస్టా? ఆయనేం చేశాడని?"

"పేర్లు మావాళ్లు బాగా పెట్టలేదు లెండి," అంది డాక్టరమ్మ. "మీ గుండె ఆగలేదు. కొట్టుకుంటూనే ఉంది. తోడాల్సినంత తోడలేకపోతోంది, అలిసిపోయింది. ఉప్పు తింటే ఒంట్లో నీరు నిలుస్తుంది. ఆ నీరు తోడటం దాని వల్ల కాదు. మందులు వాడుతూ ఉప్పు మానేస్తే దాని పని అది చేసుకుపోతుంది."

"మరి అలిసిందని చెప్పొచ్చుగా. ఫెయిలనడమేంది? అలిసిన ఎద్దుని పట్టుకుని ఫెయిలంటామా?"

"మా పుస్తకాల్లో అట్లాగే ఉంది మామ్మగారూ."

"రాసినవాడికి ఈ జబ్బుండి ఉండదు."

కుర్ర డాక్టరొకడు నవ్వి డాక్టరమ్మ మొహం చూసి ఆపేశాడు. ఆవిడ మాత్రం, "ఉండి ఉండదు," అని ఒప్పుకుని లేచింది. ఎంత పని ఉన్నా కూర్చుని చెప్పింది, నిలబడి చెప్పలేదు. ఆ తల్లికి నేను రుణపడి ఉన్నాను.

ఆవిడ వెళ్లాక అత్తగారు పెద్దకొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"చిన్నోడికీ?"

"తెలుసమ్మా."

"అమ్మాయికీ? అద్దంకిదానిక్కూడా?" అని నా వైపూ చూసి, నేను తలూపాక, "బాగుంది. గుండె నాదీ, కబురు మీదీనా?" అంది.

ఆ రోజు మళ్లీ ఎవరితోనూ మాట్లాడలేదు. పెట్టింది తింది. కిటికీ వైపు తిరిగి పడుకుంది. మా మామగారిని తలచుకుంటోందో, ఆయనకు వచ్చింది తనకు రాలేదని తెలిసి ఊరట పడుతోందో, అదీ ఇదీ కాక పచ్చళ్ల గురించి ఆలోచిస్తోందో నాకు తెలియలేదు. నేను మంచం పక్కన నేలమీద దుప్పటి పరుచుకున్నాను. ఆ మాట విన్నాక కూడా ఆవిడ ఊపిరి ఆగకుండా వినపడుతూనే ఉంది. ఆ చప్పుడు వింటూ నిద్రపోయాను.

పొద్దున్న నన్ను లేపి, "మళ్లీ మొక్కుకోవే," అంది. "ఈసారి గడువు చెప్పొద్దు. ఆయనడిగితే అప్పుడు చూద్దాం."

"అట్లాగే అత్తయ్యా. ఇద్దరికీ కలిపి..."

"నీకెందుకు? నువ్వు ఉప్పు తిను. ఇద్దరం చప్పిడి తింటే ఆ ఇంట్లో రుచి చూసేవాళ్లెవరు?"

ఇవాళ పర్లేదు అన్నదానికన్నా అది పెద్ద మాట. మెట్ల దగ్గర కిటికీ తెలిసిందే గనక వెళ్లి మొక్కుకుని వచ్చాను.

తిరిగొచ్చేసరికి పక్క మంచం దగ్గర హడావిడిగా ఉంది. ముందురోజు సాయంత్రం చేరిన అమ్మాయి. నాకంటే చాలా చిన్నది. పత్తి చేలున్న ఏదో పల్లె నుంచి వచ్చారని మాటల్లో తెలిసింది. వేళ్ల చివర్లు పత్తికాయల మొనలు గీరుకుని గరుకుగా ఉన్నాయి. వాళ్లాయన దుప్పటి మడతపెట్టి సంచిలో కుక్కుతున్నాడు. అతని అన్న ఫోన్‌లో ఆటోవాడితో మాట్లాడుతూ కిందికి దిగాడు.

"ఎక్కడికయ్యా?" అంది అత్తగారు.

"ఇంటికి పెద్దమ్మా. గుండె ఫెయిలయిందని చెప్పారు. ఇంకేముంది? పోయేదేదో పిల్లల దగ్గర పోనిద్దామని."

ఆ అమ్మాయి వింటూనే ఉంది. కళ్లు తెరిచి ఫ్యాను వైపు చూస్తోంది.

అత్తగారు చేతులూని లేచి కూర్చుంది. ముక్కు దగ్గర గొట్టం జారింది. "ఒరేయ్ అబ్బాయ్, ఇటు చూడు. నాకూ ఫెయిలే. కార్తీకం నుంచీ ఫెయిలే. పత్తి తీతలకి చేలోకెళ్లి అందర్నీ తిట్టొచ్చా."

"నీకు వేరేదయ్యుంటది పెద్దమ్మా."

"ఏం, నీ పెళ్లానికి పెద్ద ఫెయిలూ నాకు చిన్న ఫెయిలూనా? నిన్న డాక్టరమ్మ స్టూలేసుకుని చెప్పింది. ఆగిపోవడం వేరు, ఇది వేరు. ఏమే, పిలువు ఆవిణ్ణి."

నేను పరుగెత్తాను. డాక్టరమ్మ ఆపరేషన్ గదిలో ఉందనీ, బయటికి రావడానికి ఆలస్యమవుతుందనీ నర్సు చెప్పింది. తిరిగి వచ్చి అదే చెప్పాను. ఆ అబ్బాయి సంచి జిప్పు పట్టుకుని నిలబడ్డాడు, లాగలేదు.

అప్పుడు ఆ అమ్మాయి మాట్లాడింది. ఆ గొంతు వినడం అదే మొదలు.

"నిజంగా ఆగలేదా పెద్దమ్మా?"

"ఆగితే నన్నెట్టా అడుగుతున్నావే పిచ్చిదానా? అలిసింది. నువ్వు అలవలా చేలో? అట్టా. ఉప్పు మానెయ్. నీరు పోయే బిళ్ల మానబాక. పచ్చడి పెట్టేవాళ్లని గడప తొక్కనీబాక, ఎంత మంచోళ్లయినా సరే."

ఆ అమ్మాయి చెయ్యి తెచ్చి గుండె మీద పెట్టుకుంది. కాసేపు అలాగే ఉంచుకుంది. కొట్టుకుంటున్నట్టు తెలిసిందనుకుంటాను, వాళ్లాయన వైపు తలతిప్పి చూసింది. అతను, "వదినగారూ, ఆ బిళ్ల పేరు చీటీలో ఉంటదా?" అని నన్నడిగాడు. ఉంటుంది, నర్సునడిగి తీసుకో అన్నాను. అంతలో వాళ్లన్న పైకి వచ్చి, "ఆటోవాడు ఆగనంటున్నాడ్రా, ఏందింకా?" అని కేకేశాడు. ఇద్దరూ కలిసి ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. నీలం చీర కొంగు చక్రంలో పడబోతుంటే నేను తీసి ఒళ్లో పెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వదిలేసింది.

కిటికీ దగ్గరికెళ్లి కిందికి చూశాను. ఆ అబ్బాయి చీటీ పట్టుకుని మందుల షాపు ముందు జనంలో నిలబడి ఉన్నాడు. మధ్యలో కోచింగ్ సెంటరు బస్సొచ్చి అడ్డంగా ఆగింది. పిల్లలందరూ దిగేదాకా ఆగింది. బస్సు కదిలేసరికి ఆటో లేదు. మందులు కొన్నాడో, అన్న లాక్కెళ్లాడో చూడలేకపోయాను. ఏ ఊరని అడగలేదు. ఆమె పేరు కూడా అడగలేదు. తర్వాత నర్సునడిగితే, పేషెంట్ల సంగతి బయటికి చెప్పకూడదంది. చెప్పకూడదు, నిజమే.

మా అత్తగారు బతికే ఉంది, ఆ సూర్యనారాయణమూర్తి దయ వల్ల. ఇప్పుడు జబ్బు పేరు తనే చెబుతుంది. పలకరించడానికి వచ్చినవాళ్లతో, "నాది ఫెయిల్యూరు. కంగారుపడబాకండి, ఆగినప్పుడు మావాళ్లే కబురు చేస్తారు," అంటుంది. వచ్చినవాళ్లు ఎక్కువసేపు కూర్చోవడం లేదు. పండుమిరప రోజుల్లో వీధి తలుపు వేయించుకుంటుంది. ఆదివారం పొద్దున్న తూర్పుకు తిరిగి నిలబడి దణ్ణం పెట్టుకునేటప్పుడు తనకోసం ఏమీ అడగదు. "ఆ పక్క మంచం పిల్ల, తండ్రీ, నీకు తెలుసుగా," అంటుంది, అంతే. పేరు లేకుండా అడిగితే ఆయనకు ఎలా తెలుస్తుందని మొదట్లో నేను అనుకునేదాన్ని. ఇప్పుడు నేనూ అలాగే అడుగుతున్నాను.

ఇది చదివినవారు దేవుడి దగ్గర దీపం పెట్టేవారైతే దీపం పెట్టినప్పుడు, కాకపోతే మీకు తీరికైనప్పుడు, గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్న ఆ నీలం చీర అమ్మాయిని ఒక్కసారి తలచుకోండి.